కంపెనీ బండ్లు: 2025 మిగిల్చిన లెక్కలు

ఉద్యోగులను ఇంటి నుంచి తెచ్చి దింపే స్టాఫ్ బస్సులు, నైట్ షిఫ్టు క్యాబులు, సరుకు మోసే లారీలు, చిన్న ట్రక్కులు, పై అధికారులకిచ్చే కార్లు, సేల్స్ కుర్రాళ్ల మోటారు సైకిళ్లు: ఒక కంపెనీ కింద తిరిగే ఇలాంటి బండ్లన్నిటినీ కలిపి ఫ్లీట్ అంటారు. వాటి మంచిచెడ్డలు చూసే ఉద్యోగికి బహుళజాతి సంస్థల్లో ఫ్లీట్ మేనేజర్ అని పేరు. ఫ్యాక్టరీల్లో ట్రాన్స్‌పోర్ట్ మేనేజర్ అంటారు. చిన్న కంపెనీల్లో ఆ హోదా కూడా ఉండదు. అడ్మిన్ విభాగంలో ఎవరో ఒకరి నెత్తిన ఈ పని పడుతుంది. బండి టైముకు వచ్చినంతకాలం ఈ మనిషి ఒకడున్నాడని ఎవరికీ గుర్తుండదు.

ఈ ఉద్యోగంలో డిసెంబరు ఊపిరాడని నెల. ఏప్రిల్‌లో మొదలయ్యే ఆర్థిక సంవత్సరానికి ఎన్ని బండ్లు కొనాలి, ఎన్ని అమ్మాలి, ఎన్ని అద్దెకు తీసుకోవాలి అన్న ప్రతిపాదనలు ఈ రోజుల్లోనే పైకి వెళ్లాలి. కంపెనీలు ఒక కారును సాధారణంగా నాలుగైదేళ్లు, బస్సునైతే ఎనిమిది పదేళ్లు వాడుకుంటాయి. ఆ బండి మీద పడే పన్ను, అది తాగే ఇంధనం, దానికి వర్తించే కాలుష్య నిబంధన, దాన్ని నడిపే డ్రైవరు పనిగంటల చట్టం మాత్రం అంతకాలం ఉన్నచోట ఉండడం లేదు. 2025లో ఈ నాలుగూ ఒకే ఏడాదిలో కదిలాయి. బండి ఆయుష్షు కంటే నిబంధన ఆయుష్షు తక్కువైపోవడమే దేశంలోని ఫ్లీట్ మేనేజర్ల అసలు చిక్కు. మిగతా ఇబ్బందుల్లో చాలావరకు దాని పిలకలే.

పన్ను తగ్గితే ఎవరికి లాభం

ముందుగా డబ్బు సంగతి. 2025 సెప్టెంబరు 3న జరిగిన జీఎస్టీ కౌన్సిల్ 56వ సమావేశం బండ్ల మీద పన్ను రేట్లను మార్చింది. 22వ తేదీ నుంచి కొత్త రేట్లు వచ్చాయి. నాలుగు మీటర్లు మించని పొడవు, 1200 సీసీ మించని ఇంజిను ఉన్న పెట్రోలు కారు మీద అంతకుముందు 28 శాతం జీఎస్టీ, 1 శాతం సెస్సు ఉండేవి. అదే పొడవులో 1500 సీసీ వరకు ఉన్న డీజిల్ కారుకైతే సెస్సు 3 శాతం. ఇప్పుడు రెండింటికీ 18 శాతమే, సెస్సు లేదు. బస్సులు, లారీలు కూడా 28 నుంచి 18కి దిగాయి. పెద్ద కార్లకు సెస్సు తీసేసి 40 శాతం పన్ను పెట్టారు. ఎలక్ట్రిక్ బండ్లు మునుపటిలాగే 5 శాతం దగ్గర ఆగాయి.

పైకి చూస్తే ఇది అందరికీ శుభవార్తే. కంపెనీ పుస్తకాల్లోకి వెళ్తే కథ మారుతుంది. కేంద్ర జీఎస్టీ చట్టం 17(5) సెక్షను ప్రకారం, డ్రైవరుతో కలిపి 13 సీట్లు మించని ప్రయాణికుల వాహనం మీద కట్టిన పన్నును కంపెనీ తిరిగి సర్దుబాటు చేసుకోవడానికి వీల్లేదు. ప్రయాణికులను చేరవేయడం, బండ్లు అమ్మడం, డ్రైవింగ్ నేర్పడం వ్యాపారంగా ఉన్నవాళ్లకే ఆ వెసులుబాటు. సరుకు లారీకి ఈ అడ్డు లేదు. అంటే సొంత లారీలున్న సిమెంటు ఫ్యాక్టరీ 28 శాతం కట్టినా, 18 శాతం కట్టినా ఆ సొమ్ము ఎలాగూ క్రెడిట్ రూపంలో వెనక్కి వచ్చేదే. ఇప్పుడు చేతిలో కాస్త ఎక్కువ డబ్బు ఆడుతుంది, అంతే. అధికారులకు కార్లు కొనే సాఫ్ట్‌వేర్ కంపెనీకి మాత్రం ప్రతి రూపాయీ ఖర్చే. పన్నుకు ముందు ధర 6 లక్షలున్న చిన్న కారుకు పాత లెక్కలో 7.74 లక్షలు, కొత్త లెక్కలో 7.08 లక్షలు. బండికి 66 వేలు తేడా. ఆగస్టులో ఇరవై కార్లు కొన్న మేనేజరు, అక్టోబరు దాకా ఆగి ఉంటే 13.2 లక్షలు మిగిలేవి కదా అన్న ప్రశ్నకు సంజాయిషీ చెప్పుకోవాలి. ఆగస్టు 15న ప్రధాని పన్నుల తగ్గింపు ప్రకటించేదాకా అది ఊహకందే విషయం కాదని ఆడిటర్ ఒప్పుకోవాలిగా.

ఇంకో దెబ్బ కనపడకుండా తగులుతుంది. కొత్త కారు ధర దిగితే పాత కారు ధర కూడా దాని వెనకే దిగుతుంది. నాలుగేళ్ల తర్వాత ఈ బండి ఇంతకు పోతుంది అన్న అంచనా మీదే కంపెనీ కార్ల ఆర్థికమంతా నడుస్తుంది. లీజు కంపెనీలు నెలవారీ అద్దె లెక్కగట్టేదీ ఆ అంచనా మీదే. 2021లో, 2022లో వేసుకున్న అంచనాలకు 2025 సెప్టెంబరులో గండి పడింది.

పాత బండి అమ్మకం మీద పన్ను కూడా 2025 మొదట్లోనే మారింది. 2024 డిసెంబరు 21న జైసల్మేర్‌లో కౌన్సిల్ తీసుకున్న నిర్ణయంతో, జీఎస్టీ నమోదు ఉన్న సంస్థలు అమ్మే పాత బండ్లన్నిటికీ, ఎలక్ట్రిక్‌వి సహా, 18 శాతం రేటు వచ్చింది. అప్పట్లో దీని మీద చాలా గందరగోళం రేగింది. పన్ను పడేది మొత్తం అమ్మకపు ధర మీద కాదు, మార్జిన్ మీద. ఆదాయపు పన్ను లెక్కలో తరుగుదల చూపించిన కంపెనీకి, అమ్మిన ధరలోంచి పుస్తకాల్లో మిగిలిన విలువను తీసేయగా వచ్చేదే మార్జిన్. పది లక్షల కారు ఏటా 15 శాతం తరుగుదలతో నాలుగేళ్లకు 5.22 లక్షలకు దిగుతుంది. దాన్ని 6 లక్షలకు అమ్మితే 78 వేల మీద పన్ను, అంటే 14 వేల చిల్లర. 5 లక్షలకే పోతే పన్నే లేదు. ఒక వ్యక్తి తన సొంత కారును మరొకరికి అమ్ముకుంటే ఈ నిబంధన అసలు వర్తించదు.

ట్యాంకులో ఏముంది

పెట్రోలులో 20 శాతం ఇథనాల్ కలపాలన్న లక్ష్యాన్ని 2030 నుంచి 2025కు ముందుకు జరిపిన ప్రభుత్వం, ఆ ఏడాదే దాన్ని అందుకుంది. ఇప్పుడు దేశంలో దాదాపు ఏ బంకుకు వెళ్లినా దొరికేది ఈ20 పెట్రోలే. ఇథనాల్‌లో పెట్రోలు కంటే శక్తి తక్కువ కాబట్టి మైలేజీ కొంత తగ్గక తప్పదు. నీతి ఆయోగ్ 2021లో ఇచ్చిన ప్రణాళికా పత్రం లెక్క ప్రకారం, ఇథనాల్ లేని పెట్రోలు కోసం తయారై పదిశాతం మిశ్రమానికి సరిచేసిన కార్లలో 6–7 శాతం దాకా, ఈ20కి తగ్గట్టు సరిచేసిన కొత్త కార్లలో 1–2 శాతం తగ్గుదల ఉంటుంది. ఆగస్టులో దీని మీద పెద్ద చర్చే నడిచింది. సెప్టెంబరు 1న సుప్రీంకోర్టు ఈ20ని సవాలు చేసిన పిటిషన్‌ను కొట్టేసింది. కోర్టులో చర్చ ముగిసినా లాగ్‌బుక్కులో మిగిలింది. 2023కి ముందు కొన్న కార్లున్న కంపెనీలో మైలేజీ పడిపోతే, అది ఇథనాల్ వల్లా, డ్రైవరు పెట్రోలు తీయడం వల్లా, ట్రాఫిక్ వల్లా అన్నది తేల్చడం మునుపటికంటే కష్టమైంది. పాత సగటుతో పోల్చి డ్రైవరును నిలదీసే పద్ధతి ఇక న్యాయం కాదు. కొత్త సగటు ఎంతో బండి బండికీ విడిగా కొలుచుకోవాలి.

ఇంధనం దొంగతనం మాత్రం పాత రోగమే. కూపన్ల రోజుల్లో బంకు కుర్రాడు, డ్రైవరు కలిసి వందకు తొంభై పోయించి మిగతాది పంచుకునేవారు. ఇండియన్ ఆయిల్ వారి ఎక్స్‌ట్రాపవర్, భారత్ పెట్రోలియం స్మార్ట్‌ఫ్లీట్, హిందుస్థాన్ పెట్రోలియం డ్రైవ్‌ట్రాక్ ప్లస్ లాంటి కార్డులు వచ్చాక ఆ దారి ఇరుకైంది. అయినా ట్యాంకులోంచి గొట్టం పెట్టి తీసే చేతిని కార్డు ఆపలేదు. అందుకే పెద్ద లారీల ట్యాంకుల్లో డీజిల్ మట్టం చెప్పే సెన్సర్లు బిగిస్తున్నారు. రాష్ట్రానికో రేటు ఉండడం ఇంకో లెక్క. కర్ణాటక 2025 ఏప్రిల్‌లో డీజిల్ మీద అమ్మకపు పన్ను పెంచాక కూడా ఆ ఏడాది బెంగళూరులో లీటరు 91 రూపాయల దగ్గరే ఉండేది; హైదరాబాద్‌లో 95 దాటింది, ఆంధ్రప్రదేశ్‌లో అంతకంటే ఎక్కువ. లీటరుకు నాలుగైదు రూపాయలంటే 300 లీటర్ల ట్యాంకు మీద పన్నెండు వందల పైమాటే. అనంతపురం, రాయచూరు దారుల్లో లారీలు సరిహద్దు దాటాకే ట్యాంకు నింపుకోవడం వెనక లెక్క ఇదే.

డీజిల్ బండ్లతో మరో తలనొప్పి మెకానిక్కులకే ఎక్కువ తెలుసు. 2020 ఏప్రిల్ నుంచి అమల్లోకి వచ్చిన బీఎస్‌-6 ప్రమాణాల వల్ల డీజిల్ ఇంజిన్ల పొగగొట్టంలో మసిని పట్టే ఫిల్టరు వచ్చింది. దాన్నే డీపీఎఫ్ అంటారు. పట్టిన మసి కాలిపోవాలంటే పొగ బాగా వేడెక్కాలి. అందుకు బండి కొంతసేపు నిలకడైన వేగంతో పోవాలి. హైవే లారీకి ఇది సమస్యే కాదు. మియాపూర్ నుంచి గచ్చిబౌలికి ఆగుతూ పాకే స్టాఫ్ బస్సుకు ఆ వేడి ఎక్కడిది? మసి పేరుకుని డాష్‌బోర్డు మీద దీపం వెలుగుతుంది. బండిని పక్కన ఆపి, ఇంజిను నడుపుతూ మసి కాల్చే ఏర్పాటు ఉంటుంది కానీ, లాగిన్ టైము దాటిపోతుందని డ్రైవరు ఆ దీపాన్ని పట్టించుకోడు. నాలుగు రోజులకు ఇంజిను తనంతట తనే శక్తి తగ్గించుకుంటుంది. అప్పుడు వర్క్‌షాపే గతి, బిల్లు లక్షల్లోకి వెళ్లవచ్చు. చాలా బస్సుల్లో, లారీల్లో డీజిల్‌తోపాటు డెఫ్ అనే ద్రవం కూడా పోయాలి. శుద్ధమైన నీటిలో 32.5 శాతం యూరియా కలిపిన ద్రవం ఇది. రోడ్డు పక్కన చవకగా దొరికే కల్తీ డెఫ్ పోస్తే పొగను శుద్ధిచేసే క్యాటలిస్టు పాడవుతుంది. డెఫ్‌కు ఇచ్చే డబ్బును డ్రైవరు చేతికి కాకుండా నేరుగా బంకు ఖాతాకు కట్టడం ఈ ఒక్క కారణానికే మేలు.

కరెంటు బండి కొనాలా, ఆగాలా

2025 డిసెంబరులో ప్రతి మేనేజరు ముందూ నిలిచిన పెద్ద ప్రశ్న ఇది. సెప్టెంబరు దాకా చిన్న పెట్రోలు కారుకు 29 శాతం, ఎలక్ట్రిక్ కారుకు 5 శాతం పన్ను. తేడా 24 పాయింట్లు. ఇప్పుడది 13కు తగ్గింది. పర్యావరణం పేరుతో ఎలక్ట్రిక్‌ను ప్రోత్సహిస్తూనే, పెట్రోలు కారును చవక చేయడం ఒకే ఏడాదిలో జరిగింది. అయితే ప్రయాణికుల కారు మీద కట్టిన పన్ను వెనక్కి రాదు కాబట్టి, ఆ 13 పాయింట్ల తేడా కంపెనీకి ఇంకా అసలైన లాభమే.

తెలంగాణలో లెక్క మరికాస్త ఎలక్ట్రిక్ వైపు మొగ్గుతుంది. 2024 నవంబరులో వచ్చిన విధానం ప్రకారం, 2026 డిసెంబరు 31 దాకా రాష్ట్రంలో నమోదయ్యే ఎలక్ట్రిక్ బండ్లకు రోడ్డు పన్ను, రిజిస్ట్రేషన్ రుసుము లేవు. పరిశ్రమలు తమ ఉద్యోగుల కోసమే నడుపుకునే బస్సులనూ ఇందులో చేర్చారు. ఇక కేంద్రం 2018లోనే ఎలక్ట్రిక్ రవాణా వాహనాలకు పర్మిట్ అవసరం లేకుండా చేసింది.

పీఎం ఈ-డ్రైవ్ పథకం మీద చాలామంది ఆశలు పెట్టుకున్నారు. 10,900 కోట్ల రూపాయల ఈ పథకం 2024 అక్టోబరులో మొదలైంది. ముందు 2026 మార్చి దాకానే అన్నారు, తర్వాత 2028 మార్చి దాకా పొడిగించారు. పథకం బస్సుల్లో హైదరాబాద్‌కు 2,000 కేటాయించారు గానీ అవి నగర రవాణా కోసం; ప్రైవేటు కంపెనీలకు వాటితో సంబంధం లేదు. కంపెనీలకు పనికొచ్చేది ట్రక్కుల భాగం. ఎలక్ట్రిక్ ట్రక్కుకు గరిష్ఠంగా 9.6 లక్షల దాకా సాయం దొరుకుతుంది. దానికో మెలిక ఉంది: పాత డీజిల్ ట్రక్కును తుక్కు చేసినట్టు ధ్రువపత్రం చూపాలి.

కొనడం ఒక ఎత్తు, ఛార్జింగ్ మరో ఎత్తు. ఫైనాన్షియల్ డిస్ట్రిక్టులో అద్దె భవనంలో ఉన్న కంపెనీ సెల్లార్‌లో ముప్పై ఛార్జర్లు పెట్టాలంటే భవన యజమాని ఒప్పుకోవాలి, విద్యుత్ సంస్థ అదనపు లోడు మంజూరు చేయాలి, అగ్నిమాపక నియమాలు కుదరాలి. ఈ మూడింటికీ పట్టే కాలం బండి డెలివరీకి పట్టే కాలం కంటే ఎక్కువ. ముందు బండ్లు బుక్ చేసి తర్వాత ఛార్జర్ల కోసం తిరిగిన కంపెనీలు ఖాళీ బండ్లను బయటి ఛార్జింగ్ స్టేషన్లకు పంపి, డ్రైవరు రెండు గంటలు అక్కడ కూర్చున్నందుకు కూడా కడుతున్నాయి. నైట్ షిఫ్టు క్యాబుకు ఇది మరీ ఇబ్బంది. పగటి ట్రిప్పులు, రాత్రి ట్రిప్పుల మధ్య దొరికే ఖాళీలోనే ఛార్జింగ్ కావాలి. ఎండాకాలంలో ఏసీ నిండుగా నడిస్తే కాగితం మీది దూరం రోడ్డు మీద రాదు. రోజుకు ఎన్ని కిలోమీటర్లో ముందే తెలిసి, రాత్రికి ఒకేచోటికి చేరే బండి కరెంటుకు సరిగ్గా సరిపోతుంది. ఎప్పుడు ఎక్కడికి పిలుస్తారో తెలియని సేల్స్ కారుకు ఇప్పటికైతే తొందర అక్కర్లేదు.

స్టీరింగ్ వెనక మనిషి

బండ్లు అప్పుచేసైనా కొనవచ్చు. డ్రైవరు అలా దొరకడు. పెద్ద బండ్ల డ్రైవర్ల కొరత ఏళ్ల తరబడి పెరుగుతూ వచ్చింది. క్లీనరుగా చేరి, లారీ కిందపడుకుని, నాలుగేళ్లకు స్టీరింగ్ పట్టుకునే పాత దారి మూసుకుపోయింది. క్లీనరుగా వచ్చే కుర్రాడే లేడు. ఊళ్లో ఉంటూ డెలివరీ బైకు నడిపితే దాదాపు అంతే డబ్బు వస్తున్నప్పుడు వారాల తరబడి ఇంటికి దూరంగా ఉండే పనికి ఎవరొస్తారు? 2025లో కొత్తగా తయారయ్యే లారీల క్యాబిన్లకు ఏసీ తప్పనిసరి చేశారు. నలభై అయిదు డిగ్రీల ఎండలో ఇంజిను పక్కన కూర్చునే మనిషికి ఇది ఎప్పుడో రావాల్సిన సదుపాయం.

కంపెనీలకు ఒక చిక్కు మాత్రం సుప్రీంకోర్టు తీర్చింది. తేలికపాటి వాహనాల లైసెన్సు ఉన్నవాళ్లు 7,500 కిలోల లోపు రవాణా వాహనాన్ని వేరే ఆమోదం లేకుండానే నడపవచ్చని 2024 నవంబరు 6న అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం తీర్పు చెప్పింది. ఆ కారణం చూపి బీమా క్లెయిములు ఎగ్గొట్టే దారి మూసుకుంది. చిన్న ట్రక్కులు నడిపే కంపెనీలకు డ్రైవరును ఎంచుకునే వీలు పెరిగింది.

పనిగంటల సంగతి అంత తేలికగా లేదు. 1961 నాటి మోటార్ ట్రాన్స్‌పోర్ట్ వర్కర్స్ చట్టమే రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటలు అని గీత గీసింది. ఆ గీతను ఎంతమంది పాటించారో హైవే దాబాల దగ్గర నిద్రకళ్లతో టీ తాగే డ్రైవర్లను చూస్తే తెలుస్తుంది. 2025 నవంబరు 21న నాలుగు కార్మిక స్మృతులు అమల్లోకి రావడంతో ఆ పాత చట్టం కూడా వాటిలో కలిసింది. డ్రైవర్ల జీతాల మీద వీటి ప్రభావం గట్టిగానే ఉంటుంది. ఈ రంగంలో మూల జీతం తక్కువ, బత్తాలు ఎక్కువ. కొత్త నిర్వచనం ప్రకారం, వేతనం కిందికి రాని భత్యాలు మొత్తంలో సగం దాటితే, దాటిన భాగాన్ని వేతనంగానే లెక్కించాలి. దాంతో గ్రాట్యుటీ లాంటి చెల్లింపులు పెరుగుతాయి. ఓవర్‌టైముకు రెట్టింపు వేతనం ఇవ్వాలి. వచ్చే బడ్జెట్‌లో డ్రైవర్ల ఖర్చు దగ్గర పాత అంకెనే కాపీ చేస్తే మార్చికల్లా అది తప్పని తేలుతుంది.

మరో సంగతి చాలా కంపెనీలు చూడనట్టు ఊరుకుంటాయి. హైదరాబాద్ ఐటీ క్యాబుల్లో పెద్ద భాగం అటాచ్ బండ్లు. కారు డ్రైవరుదే, అప్పు అతనిదే, వెండర్ దగ్గర బండి పెట్టి ట్రిప్పుకు ఇంత అని తీసుకుంటాడు. కంపెనీ వెండర్‌కు రెండు నెలలకో మూడు నెలలకో బిల్లు చెల్లిస్తే, వెండర్ ఆ తర్వాత డ్రైవరుకు ఇస్తాడు. నెల నెలా కట్టాల్సిన ఈఎంఐ మాత్రం ఆగదు. ఆ లోటు పూడ్చుకోవడానికి అతను డ్యూటీ అయ్యాక ఇంకో యాప్‌లో బండి తిప్పుతాడు. తెల్లవారుజామున ఉద్యోగులను ఎక్కించుకునేది అలా నిద్రలేని డ్రైవరే. సూక్ష్మ, చిన్న సంస్థలకు ఒప్పందం ఉంటే 45 రోజుల్లో, లేకుంటే 15 రోజుల్లో చెల్లించకపోతే ఆ ఖర్చును ఆ ఏడాది ఆదాయపు పన్ను లెక్కలో చూపనివ్వని 43బీ(హెచ్) నిబంధన 2023–24 నుంచి ఉంది. దాన్ని సరిగా పాటిస్తే డ్రైవరు నిద్ర కూడా కొంత మెరుగవుతుంది. పన్ను నిబంధన భద్రతకు పనికొచ్చే అరుదైన సందర్భం ఇది.

రాత్రి క్యాబు, తలుపు, జాబితా

ఉద్యోగుల రవాణాలో ఇప్పుడు మామూలైపోయిన జాగ్రత్తల వెనక 2005 డిసెంబరులో బెంగళూరులో జరిగిన దారుణం ఉంది. రాత్రి షిఫ్టుకు బయల్దేరిన ఒక కాల్‌సెంటర్ ఉద్యోగిని క్యాబు డ్రైవరు చేతిలో హత్యకు గురైంది. ఆ తర్వాతే మహిళను మొదట ఎక్కించుకోకూడదు, చివర దింపకూడదు, అవసరమైతే గార్డు తోడుండాలి, డ్రైవరు వివరాలు పోలీసులతో సరిచూడాలి అన్న పద్ధతులు గట్టిపడ్డాయి. కొత్త కార్మిక స్మృతి ప్రకారం మహిళలు తమ సమ్మతితో రాత్రి ఏడు తర్వాత, ఉదయం ఆరుకు ముందు ఏ పరిశ్రమలోనైనా పనిచేయవచ్చు. అందువల్ల ఇన్నాళ్లూ ఐటీకే పరిమితమైన రాత్రి రవాణా ఏర్పాట్లు ఇప్పుడు మందుల కంపెనీలకు, ఎలక్ట్రానిక్స్ ఫ్యాక్టరీలకు కూడా కావాలి.

2025లో జరిగిన రెండు ఘటనలు తలుపుల మీదికి దృష్టి మళ్లించాయి. మార్చి 19న పుణె హింజవాడిలో ఉద్యోగులతో వెళ్తున్న టెంపో ట్రావెలర్ మంటల్లో చిక్కుకుంది. వెనక అత్యవసర ద్వారం తెరుచుకోక నలుగురు చనిపోయారు. జీతం విషయంలో కోపంతో డ్రైవరే నిప్పు పెట్టాడని పోలీసులు ప్రకటించారు. అక్టోబరు 24న కర్నూలు దగ్గర చిన్నటేకూరులో హైదరాబాద్ నుంచి బెంగళూరు వెళ్తున్న ప్రైవేటు స్లీపర్ బస్సు మోటారు సైకిలును ఢీకొని కాలిపోయింది. 19 మంది ప్రయాణికులు బలయ్యారు. అది కంపెనీ బస్సు కాదు. అయినా ఆ తర్వాత రెండు తెలుగు రాష్ట్రాల్లో రవాణా శాఖ తనిఖీలు ముమ్మరం కావడంతో స్టాఫ్ బస్సులు కూడా రోడ్డు మీద ఆగాయి. అత్యవసర ద్వారానికి అడ్డంగా అదనపు సీటు, గడువు తీరిన మంటలార్పే సిలిండరు, అద్దం పగలగొట్టే సుత్తి లేకపోవడం కాగితాల తనిఖీలో కనపడవు. వెండర్ ఎఫ్‌సీ (ఫిట్‌నెస్ సర్టిఫికెట్) చూపిస్తే చాలనుకునే మేనేజరు నెలకోసారైనా బస్సెక్కి ఆ తలుపు స్వయంగా తెరిచి చూడాల్సిందే.

భద్రత కోసం పెట్టిన జీపీఎస్, కెమెరాలు, రోస్టర్ యాప్‌లు కొత్త బాధ్యత తెచ్చాయి. ఏ ఉద్యోగిని ఎక్కడుంటుంది, ఎన్నింటికి ఇంటికి చేరుతుంది, ఆమె ఫోను నంబరెంత అన్నవన్నీ ట్రిప్ షీటులో ఉంటాయి. ఆ షీటు వెండర్ సూపర్‌వైజరు వాట్సాప్ గ్రూపులో తిరుగుతుంది. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం కింద నియమాలు 2025 నవంబరులో నోటిఫై అయ్యాయి. ముఖ్యమైన బాధ్యతలన్నీ అప్పటి నుంచి 18 నెలల్లో అమల్లోకి వస్తాయి. భద్రతా చర్యల్లో లోపానికి జరిమానా గరిష్ఠంగా 250 కోట్ల దాకా ఉండవచ్చు. డ్రైవరు ముఖాన్ని రోజంతా రికార్డు చేసే కెమెరాకూ ఇవే నియమాలు.

కాగితాలు, టోల్‌గేట్లు, వానలు

చిన్నవిగా కనపడి రోజంతా తినేసే పనులు ఇవి. 2025 ఆగస్టు 15న 3,000 రూపాయల ధరతో వచ్చిన ఫాస్టాగ్ వార్షిక పాసు 200 ట్రిప్పులకు పనికొస్తుంది గానీ, సొంత వాడకం కార్లు, జీపులు, వ్యాన్లకే. పసుపు నంబరు ప్లేటు బండికి లేదు. నవంబరు 15 నుంచి చెల్లని ఫాస్టాగ్‌తో గేటుకొస్తే నగదు ఇచ్చినవాళ్లు రెట్టింపు, యూపీఐతో కట్టినవాళ్లు ఒకటింపావు రెట్లు చెల్లించాలన్న నిబంధన వచ్చింది. దానికి తోడు కేవైవీ (నో యువర్ వెహికల్) పేరుతో ప్రతి బండి ఫొటో, ఆర్సీ ఎక్కించాలన్నారు. సొంత కారున్న మనిషికి ఇది పది నిమిషాల పని. మూడు రాష్ట్రాల్లో తిరిగే 200 లారీలున్న కంపెనీకి ఒక మనిషి నెల జీతం.

పదేళ్లు దాటిన బండ్ల ఎఫ్‌సీ రుసుములను కేంద్రం నవంబరులో భారీగా పెంచింది. ఇరవై ఏళ్లు దాటిన లారీకి, బస్సుకు 2,500 రూపాయల నుంచి 25,000కు చేరింది. ఢిల్లీలో శాఖలున్నవాళ్ల అవస్థ వేరు. పదేళ్ల డీజిల్, పదిహేనేళ్ల పెట్రోలు బండ్లకు బంకుల్లో ఇంధనం పోయొద్దని జులై 1న మొదలుపెట్టి, రెండ్రోజులకే ఆపారు. ఆగస్టు 12న సుప్రీంకోర్టు ఆ బండ్ల యజమానులపై కఠిన చర్యలొద్దంది. డిసెంబరు 17న ఆ రక్షణను బీఎస్‌-4, ఆపై బండ్లకే పరిమితం చేసింది. ఆరు నెలల్లో మూడు మలుపులు. నవంబరు 1 నుంచి బయటి రిజిస్ట్రేషన్ ఉన్న బీఎస్‌-3, అంతకంటే పాత సరుకు బండ్లకు ఢిల్లీలో ప్రవేశం లేదు. బీఎస్‌-4 వాటికి 2026 అక్టోబరు 31 దాకా గడువు.

వానలు ఏ నోటిఫికేషనూ లేకుండా వస్తాయి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడలో మునిగిన బండ్ల యజమానుల్లో చాలామందికి అప్పుడే తెలిసింది: నీటిలో ఆగిన ఇంజినును మళ్లీ స్టార్ట్ చేస్తే కలిగే నష్టానికి మామూలు సమగ్ర బీమా సాధారణంగా వర్తించదు, ఇంజిన్ రక్షణ అనే అదనపు పాలసీ ఉండాలి. 2025 వానాకాలంలో సైబరాబాద్ పోలీసులు ఇంటి నుంచి పనిచేయించమని ఐటీ కంపెనీలను కోరిన రోజులున్నాయి. ఆ రోజు రోడ్డెక్కని క్యాబుకు కనీస మొత్తం ఇవ్వాలా వద్దా అన్నది వెండర్ ఒప్పందంలో రాసుకోకపోతే వాదులాట తప్పదు.

ఇన్ని చిక్కులు చూసి, బండ్ల బాధ్యతంతా బయటి సంస్థకు అప్పగించేద్దామన్న ఆలోచన సహజంగానే వస్తుంది. 2025 ఏప్రిల్‌లో జరిగింది ఆ దారిలోని ప్రమాదాన్ని చూపింది. ఎలక్ట్రిక్ క్యాబుల సంస్థ బ్లూస్మార్ట్‌కు బండ్లు సమకూర్చిన జెన్‌సోల్ ఇంజనీరింగ్ మీద సెబీ 15వ తేదీన మధ్యంతర ఉత్తర్వు ఇచ్చింది. 6,400 ఎలక్ట్రిక్ బండ్ల కోసం అప్పు తీసుకుని 4,704 మాత్రమే కొన్నట్టు అందులో పేర్కొంది. ఆ వెంటనే బ్లూస్మార్ట్ సేవలు నిలిచిపోయాయి. డ్రైవర్లకు రాత్రికి రాత్రి పని పోయింది. వెండర్ బండ్లు ఎవరి పేరున ఉన్నాయి, వాటి మీద అప్పెంత, వెండర్ చేతులెత్తేస్తే వారంలో వేరే బండ్లు ఎక్కడి నుంచి వస్తాయి అన్న మూడు ప్రశ్నలు ఇప్పుడు టెండరు పత్రాల్లో చేరుతున్నాయి.

తర్వాతి కదలికకు 2026 ఏప్రిల్ 1 తేదీ పెట్టారు. ఆదాయపు పన్ను కొత్త చట్టం అమలుకు నిర్ణయించిన రోజు అది. కంపెనీ కారును ఉద్యోగి ఆఫీసు పనికీ, ఇంటి పనికీ వాడుకుంటూ ఖర్చంతా కంపెనీయే భరిస్తే, 2025లో ఉన్న నిబంధనల్లో 1.6 లీటర్ల ఇంజిను దాకా నెలకు 1,800 రూపాయలు, అంతకు మించితే 2,400, డ్రైవరు ఉంటే మరో 900 అతని ఆదాయంలో కలిపేవారు. ఈ అంకెలు అప్పటికి పదిహేనేళ్లకు పైగా మారలేదు. కొత్త చట్టం కింది నియమాల్లో ఇవి మారితే, జీతంలో భాగంగా కారు తీసుకున్న ప్రతి ఉద్యోగి ముందుగా ఫోను చేసేది ఫ్లీట్ మేనేజరుకే.